గేటు బయట కుర్చీ

మా ఆవిడ పోయిన వార్త జగ్గయ్యపేట కన్నా ముందు నందిగామ చేరింది. ఆ ఉదయం విజయవాడ ఆసుపత్రిలో ఆమె పక్కన ఉన్నది నేనూ, ఆమె తమ్ముడూ. డాక్టరు చెప్పాల్సింది చెప్పి వెళ్ళాక నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. తమ్ముడు వరండాలోకి పోయి వాళ్ళమ్మకు ఫోన్ చేశాడు. కాసేపటికి నందిగామలో వాళ్ళ బట్టల కొట్టూ, దానికి అటూ ఇటూ ఉన్న కొట్లూ షట్టర్లు దించాయి. జగ్గయ్యపేటలో మా సిమెంటు, ఇనుము కొట్టు మాత్రం మధ్యాహ్నం దాకా తెరిచే ఉంది. గుమాస్తాకు కబురు చెప్పాలని నాకు తోచలేదు. ఆ పూట కూడా ఎవరో వచ్చి ఇనుప చువ్వలు కొనుక్కుని వెళ్ళారు.

సాయంత్రానికి నందిగామలో ఫ్లెక్సీ కట్టారు. అందులో ఆమె ఫొటో, వెనకాల నీలంగా సముద్రం, సముద్రం మీద పెద్ద యుద్ధనౌక. పేరు కింద 'నౌకాదళ అధికారిణి' అని ఉంది. ఆమె అధికారిణి కాదు. ఓడలకు పనిచేసే ఒక ప్రైవేటు కంపెనీలో ఇంజనీరు. ఆ బొమ్మలో ఉన్న ఓడ మన దేశానిదో కాదో కూడా ఎవరికీ తెలియదు.

"ఆ ఓడ తీయించవయ్యా," అన్నాను మా బావమరిదితో.

"ఓడ లేకపోతే అక్క ఏం చేసిందో ఎవరికి తెలుస్తుంది బావగారూ?"

"తెలియకూడదనే కదా మీ అక్క ఇన్నాళ్ళూ చెప్పలేదు."

"పోయాక కూడానా?"

"పోయాక కూడా."

వాడు బోర్డు వంక చూస్తూ నిలబడ్డాడు. "పొద్దుగూకాక వెళ్ళి మళ్ళీ చెయ్యమంటే ఆ ఫ్లెక్సీవాడు నన్ను తంతాడు," అని నవ్వబోయి ఏడ్చాడు. మర్నాటికి ఓడ పోయి దాని చోట మల్లెపూలు వచ్చాయి.

ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం ఆ బోర్డే. ఆమెను ఎరిగిన మీలో చాలామందికి ఆమె పని ఏమిటో తెలియదు. నాకూ సగమే తెలుసు. ఆ సగంలో చెప్పదగ్గది రాస్తున్నాను.

యుద్ధనౌక అంటే నీటి మీద తేలే ఒక చిన్న ఊరు అని చెప్పేది. ఇంజన్లకు కంప్యూటర్లు ఉంటాయి. చుక్కానికి ఉంటాయి. రాడారుకు, మంటల అలారానికి, చివరికి వంటగది పక్కన సరుకులు దాచే చల్లగదికి కూడా ఉంటాయి. అన్నీ తీగలతో ఒకదానికొకటి కలిపి ఉంటాయి. ఏది దేనితో మాట్లాడవచ్చు, ఏది మాట్లాడకూడదు, బయటివాడు మధ్యలో దూరకుండా ఏం చేయాలి, ఇదీ ఆమె పని. "గదులు కట్టేవాళ్ళు వేరే ఉన్నారండీ. నేను తలుపులు చూసేదాన్ని," అనేది. అంతకు మించి చెప్పేది కాదు. ఓడ పేరు చెప్పలేదు. ఎప్పుడు బయలుదేరుతుందో చెప్పలేదు. ఎంత పొడుగుంటుందని ఒకసారి అడిగాను. "మన బజారు కన్నా పొడుగు," అని ఊరుకుంది. మన బజారు ఎంత పొడుగో నాకు తెలియదన్న సంగతి ఆమెకు తెలుసు.

ఆమె ఉద్యోగం విశాఖలో. నా వ్యాపారం జగ్గయ్యపేటలో. పెళ్ళికి ముందే ఈ సంగతి మాట్లాడుకున్నాం. సెలవు కలిసొచ్చినప్పుడల్లా రైల్లో విజయవాడ వచ్చి, బస్సెక్కి నందిగామలో దిగి వాళ్ళమ్మను చూసి, మళ్ళీ బస్సెక్కి మా ఊరు వచ్చేది. మాకు పిల్లలు లేరు. దాని గురించి ఇక్కడ రాయను.

హార్బరు గేటు దగ్గర ఫోన్ అప్పగించి లోపలికి వెళ్ళాలి. అందుకని రోజూ నాకు రెండు మెసేజీలు వచ్చేవి. 'లోపలికి' అని ఒకటి, 'బయటికి' అని ఒకటి. ఆ రెంటికీ మధ్య ఆమె ఎక్కడ ఉందో, ఏ నిచ్చెన ఎక్కుతోందో నాకు తెలియదు. కొట్లో గల్లాపెట్టె మీద ఫోన్ వెల్లకిలా పెట్టుకుని కూర్చునేవాణ్ణి. సాయంత్రం ఆ రెండో మాట వచ్చాక గుమాస్తాకు అప్పజెప్పి టీకి లేచేవాణ్ణి. ఈ మధ్య టీకి ఎప్పుడు లేవాలో తెలియడం లేదు.

మా అమ్మకు ఈ గుట్టు నచ్చేది కాదు. పక్కింటివాళ్ళ కోడలు బ్యాంకులో పనిచేసేది. ఆ అమ్మాయి కౌంటర్లో కూర్చున్న ఫొటో వాళ్ళ హాల్లో తగిలించి ఉంది.

"ఒక్కటంటే ఒక్క ఫొటో లేదంటావేంటే?" అంది మా అమ్మ ఒక ఆదివారం.

"లోపలికి ఫోనే పోనివ్వరు అత్తయ్యా."

"బయట నిలబడి తీయించుకో. వెనకాల ఓడ పడేట్టు."

"అదీ కుదరదండీ."

"మరి నేనెట్టా చెప్పుకునేది? రైలెక్కి ఎటు పోతుందో ఎవరికెరుక అంటున్నారు."

"ఎవరంటున్నారు?"

"నేనే."

ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత మా అమ్మ తనంతట తానే ఒక మాట తయారుచేసుకుంది. 'మా కోడలు ఓడల్లో కంప్యూటర్లు బాగుచేస్తది.' వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పేది. చెడిపోయిన సెల్‌ఫోన్లు, టీవీ రిమోట్లు పట్టుకుని ఇరుగుపొరుగు రావడం మొదలైంది. మా ఆవిడ విసుక్కోలేదు. కొన్ని బాగుచేసింది కూడా. "అత్తయ్య చెప్పేదే బాగుంది. అందులో రహస్యమేమీ లేదు," అంది నాతో.

ఇంటికి వచ్చినా చేతులు ఊరుకునేవి కావు. ఓడలో ప్రతి తీగకూ రెండు చివరలా ఒకే నంబరు కట్టి ఉంచుతారట. ఒక చివర మాత్రమే చూసి తీగ పీకితే, అవతల ఏది ఆరిపోతుందో తెలియదు. మా ఇంట్లో ఇన్వర్టరు తీగలకు, బోరు మోటారు తీగలకు రెండేసి చీటీలు కట్టింది. ఆవకాయ జాడీలకు కూడా కట్టింది, జాడీకి ఒకటి, మూతకు ఒకటి. "మూతలు మారిపోతే ఒకదాని ఉప్పు ఇంకోదానికి తగులుతుంది," అని మా అమ్మను ఒప్పించింది. కొట్లో బిల్లుల కంప్యూటరుకు ఎవరి పెన్‌డ్రైవూ తగలనివ్వలేదు. మేస్త్రీ ఒకాయన ఇంటి ప్లాను తెచ్చి ప్రింటు తీయమంటే, చిన్న పని కదా అని నేను చెయ్యి చాచాను. ఆమె నా చేతిని నెమ్మదిగా పక్కకు జరిపి, "పక్క సందులో జిరాక్సు షాపు ఉందండీ, అక్కడ తీస్తారు," అంది ఆయనతో. ఆయన వెళ్ళాక నేను కోప్పడ్డాను.

"ఎన్నేళ్ళ నుంచి తెలిసిన మనిషి."

"ఆయన తెలుసు. ఆ పెన్‌డ్రైవు ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో ఆయనకే తెలియదు."

ఆమె పనిలో నేను తెలుసుకున్న పెద్ద సంగతులు రెండే. ఇవి రహస్యాలు కావు కాబట్టి రాస్తున్నాను.

మొదటిది. ఓడ ఎక్కడో సముద్రంలో ఉండగా లోపల ఏదైనా మొరాయిస్తే, ఇంజనీర్లు ఒడ్డున తమ ఆఫీసులో కూర్చునే చూసి సరిచేసేలా ఒక దారి పెట్టాలని వాళ్ళ కంపెనీలో అనుకున్నారు. రేవు రేవుకూ మనుషుల్ని పంపే శ్రమ తగ్గుతుంది. ఆమె ఒప్పుకోలేదు. "నేను ఇంట్లోంచి చూడగలిగితే ఇంకొకడూ వాడింట్లోంచి చూడగలడు," అంది. చాలా వాదనలు జరిగాయని ఆమె ముఖం చూస్తే తెలిసేది. చివరికి ఆమె మాటే నిలిచింది. దానితో ఏ రేవుకు పిలిస్తే ఆ రేవుకు తనే పోవాల్సి వచ్చింది.

"నీ తిరుగుడు నువ్వే పెంచుకున్నావు," అన్నాను.

"అవునండీ. ఏదైనా ఊరు చూపించమని మిమ్మల్ని అడక్కర్లేదు ఇంక."

రెండోది పాస్‌ల సంగతి. ఓడ ఎక్కే పాస్ ఒకసారి ఇచ్చారంటే ఆ మనిషి రావడం మానేసినా అది నడుస్తూనే ఉండేదట. ఊళ్ళు మారినవాళ్ళు, ఉద్యోగాలు మానేసినవాళ్ళు, అందరి పాస్‌లూ బతికే ఉండేవి. ఇన్ని నెలలు రాకపోతే పాస్ దానంతట అదే ఆగిపోవాలి, ఎంత పెద్దవాళ్ళదయినా సరే అని ఆమె రాసిచ్చింది. పై వాళ్ళు ఒప్పుకున్నారు. గేటు దగ్గర కాపలావాళ్ళను కూర్చోబెట్టి తనే పాఠం చెప్పిందట. మొహం చూసి గేటు తీయొద్దు, కార్డు చూసి తీయండి అని. ఈ సంగతి నాకు సంతోషంగా చెప్పింది. ఆమె సంతోషంగా చెప్పిన పని కబుర్లు తక్కువ కాబట్టి గుర్తుంది.

తర్వాత జబ్బు బయటపడింది. పేరు రాయను. విజయవాడలో వైద్యం. వెళ్ళి రావడానికి దగ్గరని నందిగామలో వాళ్ళమ్మగారింట్లో ఉంచాం. ఆ ఇల్లు చందర్లపాడు రోడ్డు వైపు. మిరపకాయలు ఎండే రోజులు. ఆ ఘాటుకు ఆమెకు దగ్గు వచ్చేదని కిటికీలు మూసి ఉంచేవాళ్ళం. నేను పొద్దున కొట్టు తెరిచి, మధ్యాహ్నం బస్సుకు నందిగామ వెళ్ళేవాణ్ణి.

అప్పటికి ఆమె ఒక కొత్త ఓడ మీద పనిచేస్తోంది. లోపల ఉత్త ఇనుప గోడలు మాత్రమే ఉన్న రోజుల నుంచి దాని మీద ఉంది. ఆమె సెలవు పెట్టేనాటికి సగం యంత్రాలకే కరెంటు ఇచ్చారు. మిగతా సగం ఆమె దగ్గర పని నేర్చుకున్న ఒక అమ్మాయి చూస్తోంది. ఆ అమ్మాయి ఫోన్ చేసేది. ఫోన్లో పని మాట్లాడకూడదు. అందుకని ఇద్దరూ ఏమీ మాట్లాడుకునేవారు కాదు.

"ఎలా ఉన్నారు మేడమ్?"

"బాగున్నా. నువ్వు?"

"బాగున్నా మేడమ్. మీరెప్పుడొస్తారు?"

"వస్తా."

అంతే. ఫోన్ పెట్టేశాక ఆమె కళ్ళు మూసుకుని, దుప్పటి మీద వేలితో గీతలు గీసేది. ఏమిటని అడిగితే, "ఓడలో నడుస్తున్నా," అనేది. ఒడ్డు నుంచి చూసే దారి ఆ రోజు ఒప్పుకుని ఉంటే మంచం మీద నుంచే పని చేసేదానివి కదా అని ఒకసారి అననే అన్నాను. "ఒప్పుకుని ఉంటే ఇప్పుడు నిద్ర పట్టేది కాదు," అంది.

ఆమె కోరింది ఒక్కటే. ఓడ అడుగున ఒక గది ఉంది. తీగలన్నీ వచ్చి చేరేది అక్కడికే. అక్కడ యంత్రాలు వేడెక్కకుండా ఫ్యాన్లు తిరుగుతుంటాయి. అన్నిటికీ కరెంటు వచ్చి, అన్నీ సరిగ్గా నడుస్తుంటే, ఆ ఫ్యాన్ల చప్పుళ్ళన్నీ కలిసి ఒకే హోరుగా వినిపిస్తుందట. ఒక్కటి సరిగ్గా లేకపోయినా తెలిసిపోతుందట. "సగమే విన్నానండీ. మొత్తం వినలేదు. ఓడ వెళ్ళిపోయేలోగా ఒక్కసారి అక్కడ నిలబడాలి," అంది. ఓడ వెళ్ళిపోతే మళ్ళీ ఏ రేవుకు ఎప్పుడొస్తుందో తెలియదు. అప్పటికి తను ఉంటుందో లేదో ఆమె లెక్క ఆమెకుంది.

మా అత్తగారు ఒప్పుకోలేదు. "ఇనుప ఓడకి చెవులున్నాయా, నువ్వొచ్చి వింటే దానికి తెలియడానికి? ఒళ్ళు చూసుకోవే," అంది.

"దానికి తెలియక్కర్లేదమ్మా. నాకు తెలిస్తే చాలు."

రెండు విడతల వైద్యానికి మధ్య డాక్టరు కొన్ని రోజులు విరామం ఇచ్చాడు. ప్రయాణం చేయవచ్చా అని అడిగితే ఆయన ఆమె వైపు చూసి, నా వైపు చూసి, "వెళ్ళి రండి," అన్నాడు. మర్నాడే రైలెక్కాం.

హార్బరు గేటు నేను అప్పుడే మొదటిసారి చూడటం. ఆమె రాలిపోయిన జుట్టు కనపడకుండా తలకు స్కార్ఫు కట్టుకుంది. మెళ్ళో కార్డు వేసుకుంది. అన్నేళ్ళ అలవాటుగా ఫోన్ తీసి నా చేతిలో పెట్టి, "లోపలికి," అంది. మెసేజీ పంపక్కర్లేకుండా నాకే చెప్పింది. గేటు దగ్గర కాపలా ఆయన నడివయసు మనిషి. దూరం నుంచే గుర్తుపట్టి నిలబడ్డాడు.

"మేడమ్ గారూ, ఎన్నాళ్ళయిందండీ. చిక్కిపోయారేంటండీ?"

"జ్వరం లే. పిల్ల పెళ్ళి అయిందా?"

"అయిందండీ. మీరు రాలేదు."

కార్డు తీసుకుని యంత్రానికి చూపించాడు. ఎర్ర దీపం వెలిగింది. మళ్ళీ చూపించాడు. మళ్ళీ ఎర్ర దీపం. ఆయన కార్డు తిప్పి చూసి, తన చొక్కాకు తుడిచి, ఇంకోసారి పెట్టాడు. ఆమెకు అప్పటికే అర్థమైంది.

"ఆగిపోయింది కదూ?" అంది.

"ఆగిపోయిందండీ. వచ్చి చాలా రోజులైంది కదండీ."

ఆ నియమం రాసిన మనిషే తన పాస్ సంగతి మరిచిపోయింది. ఆఫీసువాళ్ళు మరిచిపోయారు. రోజూ ఫోన్ చేసే ఆ అమ్మాయి కూడా మరిచిపోయింది. ఆమెకు గేటు మూసి ఉండటమన్నది ఎవరి ఊహకూ రాలేదు.

నేను ముందుకు వెళ్ళాను. "ఈమె ఎవరో మీకు తెలుసు కదండీ. చాలా దూరం నుంచి వచ్చాం," అన్నాను.

"తెలుసు సార్," అన్నాడాయన. ఆయన ముఖం చూడలేకపోయాను. "మొహం చూసి తియ్యొద్దని మాకు చెప్పింది మేడమ్ గారే సార్. నేనేం చెయ్యను?"

"నువ్వేం చెయ్యక్కర్లేదు. సరిగ్గా చేశావు," అంది ఆమె. ఆమె గొంతులో వెటకారం లేదు. పరీక్ష పాసైన పిల్లవాడితో మాట్లాడినట్టు మాట్లాడింది. "కాళ్ళు లాగుతున్నాయి, కుర్చీ ఉంటే వెయ్యి."

ఆయన తను కూర్చునే ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి గేటు బయట గోడ నీడలో వేశాడు. ఆమె కూర్చుంది. ఆయన లోపలికి ఫోన్ చేశాడు. కొంతసేపటికి ఒక ఆఫీసరు వచ్చాడు. కుర్రవాడే. ఆమెను చూసి క్యాప్ తీశాడు.

"ఈ వారం కొత్త పాస్‌లు ఇవ్వడం లేదు మేడమ్. అయినా నేను రాసి పంపుతాను. నా బాధ్యత మీద ఒక గంట. నేనే వెంట ఉంటాను."

కొత్త పాస్‌లు ఆపేశారంటే ఓడ బయలుదేరే రోజు దగ్గరకొచ్చిందని అర్థం. అది నాకు తర్వాత తెలిసింది. ఆమెకు అప్పుడే తెలిసి ఉంటుంది. కుర్చీ చేతుల మీద ఆమె వేళ్ళు బిగుసుకోవడం చూశాను.

"ఈ వారం ఇంకెవరికైనా అలా రాసిచ్చారా సార్?"

"లేదు మేడమ్."

"మరి నాకెందుకు?"

"మీరు కాబట్టి."

గేటుకవతల రోడ్డు మలుపు తిరుగుతుంది. ఓడ కనిపించదు. గోదాము గోడ, దాని పైన ఒక క్రేను మెడ మాత్రం కనిపిస్తాయి. ఆమె ఆ క్రేను వంక చూసింది. ఒక్క అడుగు దూరంలో నిలబడి ఉన్నాను. ఆ క్షణంలో ఆమె అవునంటుందనే అనుకున్నాను.

"వద్దు సార్," అంది. "నాకు తీస్తే రేపు ఇంకెవరికో తీస్తారు. వాళ్ళకూ 'మీరు కాబట్టి' అనేవాళ్ళు ఎవరో ఉంటారు కదా."

కుర్రవాడు క్యాప్ చేతిలో తిప్పుకుంటూ నిలబడ్డాడు. "పోనీ నా పని చూస్తున్న అమ్మాయిని ఒక్కసారి బయటికి పంపండి," అంది ఆమె.

ఆ అమ్మాయి పని బట్టల్లోనే పరుగెత్తుకుంటూ వచ్చింది. మా ఆవిడను చూసి ఏడుపు ఆపుకుంది.

"రెండు చివరలా చూశావా?"

"చూశాను మేడమ్."

"కాగితం మీదా? కంటితోనా?"

"కంటితోనే. అన్నీ."

"అయితే నాతో పనేముంది?" అంది మా ఆవిడ. అంది గానీ, ఆ అమ్మాయి చొక్కా చెయ్యి పట్టుకుని వదల్లేదు. లోపల ఎలా వినిపిస్తోందని అడగొచ్చు. అడగలేదు. గేటు బయట పని మాట్లాడకూడదు.

ఆ కుర్రవాడి మాట ఒప్పుకోమని నేను అని ఉంటే ఏమయ్యేదని ఈమధ్య రోజూ అనుకుంటున్నాను. ఆమె వినేది కాదు. విని ఉంటే తర్వాత తనను తాను క్షమించుకునేది కాదు. ఇవన్నీ నాకు తెలుసు. అయినా ఆ ఒక గంట ఆమెకు దొరికి ఉంటే బాగుండేదన్న కోరిక పోవడం లేదు. ఆమె తనకంటూ కోరుకున్నది అదొక్కటే, అదీ న్యాయమైనదే. దానికి అడ్డం నిలిచింది తను కట్టిన తలుపే. దీన్ని గురించి గొప్పగా రాయాలనే కోరిక నాకు లేదు. ఆమె గొప్పగా ఏమీ అనుకోలేదు. ఆటోలో, "కార్డు ఆగిపోయిందని నాకు ముందే తెలిసుండాల్సింది," అని మాత్రం రెండుసార్లు అంది. పనిలో తప్పు దొర్లినట్టు అంది.

ఆ తర్వాత ఆమె విశాఖ వెళ్ళలేదు. నందిగామలో ఉంటూ మిగిలిన వైద్యం, తర్వాత ఆసుపత్రి. చివరి రోజుల్లో దుప్పటి మీద గీతలు గీయడం మానేసింది. అది నేను గమనించాను గానీ ఎందుకని అడగలేదు. కర్మ రోజున ఆ అమ్మాయి జగ్గయ్యపేట వచ్చింది. మా అమ్మ పక్కన కూర్చుని ఆమె చేతులు పట్టుకుంది. "మా కోడలు బాగుచేసిన ఓడలు బాగున్నాయామ్మా?" అని అడిగింది మా అమ్మ. "బాగున్నాయండీ," అంది ఆ అమ్మాయి. అంతకన్నా ఏమీ చెప్పలేదు. మా ఆవిడ దగ్గర పని నేర్చుకున్నట్టే ఉంది.

ఒక్క సంగతి మిగిలిపోయింది. గేటు నుంచి తిరిగి వచ్చిన సాయంత్రం లాడ్జిలో ఉన్నాం. ఆ అమ్మాయి ఫోన్ చేసింది. మా ఆవిడకు ఫోన్ పట్టుకోవడం చేతకావడం లేదని స్పీకరు పెట్టి పక్కన ఉంచాను.

"మేడమ్, రేపు పొద్దున మీరూ సారూ బీచ్‌లో కాసేపు నడవండి. గాలి బాగుంటుంది."

మా ఆవిడ లేచి కూర్చుంది. "ఏం చెబుతున్నావ్ నాకు?"

మా ఆవిడ ఫోన్ దగ్గరకు లాక్కుంది.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు మేడమ్. మీకే."

"నాకు పాస్ లేదు. నాకెందుకు చెప్పావ్? ఇంకెప్పుడూ ఎవరికీ ఇలా చెప్పకు."

"సరే మేడమ్."

"సరే అంటే కాదు. తిరిగి చెప్పు."

"ఇంకెప్పుడూ ఎవరికీ చెప్పను మేడమ్." ఆ అమ్మాయి ఏడుస్తోంది.

"భోంచేసి పడుకో," అని ఆ అమ్మాయితో చెప్పి, ఆపమని నాకు సైగ చేసింది. ఫోన్ ఆపేశాను. ఓడ పొద్దున బయలుదేరుతుందని అప్పటికి నాకూ అర్థమైంది. రేపు ఆటో మాట్లాడతాను, నెమ్మదిగా వెళ్దాం అన్నాను. తల అడ్డంగా ఊపింది.

"నేను రాను. నాకు తెలియాల్సిన సంగతి కాదది."

"మరి నాకు?"

ఆలోచించింది. "మీరు మామూలుగా పొద్దున నడుస్తారు కదా. నడవండి. వచ్చాక నాకేం చెప్పొద్దు."

పొద్దున నేనొక్కణ్ణే వెళ్ళాను. బీచ్‌లో నడిచేవాళ్ళు, ఈదేవాళ్ళు, వలలు లాగేవాళ్ళు, ఎవరి పనిలో వాళ్ళున్నారు. హార్బరు పక్కనున్న కొండ చాటునుంచి బూడిదరంగు ఓడ ఒకటి బయటికి వచ్చింది. దాని వెనక కొంత ఎడంగా ఇంకొకటి. ఏది ఆమెదో నాకు తెలియదు. అసలు రెంటిలో ఒకటైనా ఆమెదో కాదో తెలియదు. నీళ్ళ దగ్గరదాకా వెళ్ళి నిలబడ్డాను. రెండూ చిన్నవై, గీతలై, లేకుండా పోయేదాకా నిలబడ్డాను.

లాడ్జికి వచ్చేసరికి ఆమె మంచం మీద కూర్చుని ఉంది. స్కార్ఫు కట్టుకుని ఉంది, ఎక్కడికో బయలుదేరినట్టు.

"సముద్రం ఎలా ఉంది?" అంది.

"నెమ్మదిగా ఉంది."

"ఏమైనా విని..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. నేను నోరు తెరిచాను. ఆమె చెయ్యెత్తి వద్దంది. చెప్పొద్దన్నది ఆమే కాబట్టి నేను చెప్పలేదు. ఆ సగం ప్రశ్నకు నా దగ్గర పెద్ద జవాబేమీ లేదు. అయినా ఏదో ఒకటి చెప్పి ఉంటే బాగుండేది. ఒడ్డు దాకా సన్నగా హోరు వచ్చిందని చెప్పినా బాగుండేది. అది అలల హోరే అయినా సరే.

"కాళ్ళు కడుక్కోండి. గదంతా ఇసుక చేశారు," అంది.

కడుక్కుని వచ్చేసరికి మంచం దిగి నేలమీద కూర్చుని ఉంది. నా పాదాల నుంచి రాలిన ఇసుకను అరచేత్తో ఒకచోటికి కూడదీస్తోంది. ఎత్తి పారేస్తుందనుకున్నాను. పారేయలేదు. పిడికిట్లోకి తీసుకుని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆ కిటికీలోంచి పక్క బిల్డింగు గోడ తప్ప ఏమీ కనిపించదు.